పాత ఇళ్ల నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున పెద్దలూ పిల్లలూ కలిసి ముప్పై మంది దాకా ఒక ఆదివారం ఉదయం నగరంలోని పాత ఇళ్లూ భవనాలూ చూసి రావాలని అనుకుంటున్నాము. అందరూ చార్మినార్ నుంచి మొదలుపెట్టమంటున్నారు. మీరేమంటారు? (ఒక పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: చార్మినార్‌ను కాదనేవారెవరూ ఉండరు. కానీ మీరు చూడదలచినవి ఇళ్లు. చార్మినార్ చుట్టుపక్కల ఒకప్పుడు ఉండిన దేవిడీలలో (నవాబుల పెద్ద ఇళ్లలో) చాలావాటికి ఇప్పుడు కమాను ఒక్కటే మిగిలింది, కొన్నింటికి అదీ లేదు. పైగా ఆదివారం నాటి ఆ రద్దీలో పెద్దవారిని నడిపించడం కష్టం. అందువల్ల మొదటి నడకకు కోఠీ నుంచి నాంపల్లి దాకా ఉన్న బాటను ఎంచుకోండి. మలక్‌పేటలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీలోనే ఉంటారు. నడక ముగిశాక నాంపల్లి స్టేషన్‌లో అదే లైను రైలెక్కి తిరిగి రావచ్చు.

కోఠీ మహిళా కళాశాలగా మనమందరం ఎరిగిన ఆవరణలోని పాత రెసిడెన్సీ భవనంతో మొదలుపెట్టండి. దానిని కార్యాలయమనో, కళాశాల అనో చూడడం అలవాటైపోయింది గాని, అది మొదట ఒక కుటుంబం కాపురమున్న ఇల్లు. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా, అంటే ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో దీనిని తలపెట్టాడు. హైదరాబాదు ప్రముఖుల ఇంటి ఆడపడుచు ఖైరున్నిసాను పెళ్లాడి, ఇక్కడి దుస్తులూ మర్యాదలూ అలవరచుకున్న మనిషి ఆయన. కట్టడానికి రూపమిచ్చినవాడు శామ్యూల్ రస్సెల్. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ మొదట ఒక పెద్ద పటం గీయించి నిజాం ముందుంచితే, అంత పెద్ద కాగితం చూసి ఆయన ఒప్పుకోలేదనీ, అదే పటాన్ని చిన్న కార్డు మీద గీయించి చూపిస్తే నవ్వి ఇచ్చేశారనీ ఒక కథ చెబుతారు. పిల్లలకు తేదీల కంటె ముందు ఈ కథ చెప్పండి. వరండా ముందరి ఎత్తైన స్తంభాలనూ, మెట్లకు రెండు వైపులా ఉన్న సింహాలనూ చూసిన తరువాత వెనుక తోటలో ఉన్న భవనం నమూనాను తప్పక చూపించండి. పరదాలో ఉండే బేగం ముందువైపుకు రాలేదు గనుక ఇంటి రూపురేఖలు ఆమెకు తెలియాలని దానిని కట్టించారని ప్రతీతి. ఖైరున్నిసా నివసించిన రంగ్ మహల్ నేడు నిలిచి లేదు. 1949లో కళాశాల ఇక్కడికి వచ్చింది కాబట్టి ఈ నగరంలో ఎందరో అమ్మమ్మలు ఆ మెట్ల మీద కూర్చుని చదువుకున్నవారే. మీ కాలనీలో అటువంటివారు ఉంటే వివరించే బాధ్యత వారికే అప్పగించండి, ఏ గైడూ వారికి సాటిరాడు. లోపలికి వెళ్లడానికి విశ్వవిద్యాలయం అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. గేటు దగ్గర బతిమాలుకోవచ్చుననుకుంటే వెనుదిరగాల్సి వస్తుంది.

బయటికి వస్తే కోఠీ బస్టాపు దగ్గర, 1857 జూలైలో ఇదే రెసిడెన్సీపై దాడి నడిపిన తుర్రెబాజ్ ఖాన్ స్మారకం కనబడుతుంది. అక్కడి నుంచి సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం దగ్గరే. 1901 సెప్టెంబరు 1న ఈ గ్రంథాలయం పుట్టింది సొంత భవనంలో కాదు, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు కలిసి పూనుకున్న పని అది. పాత ఇళ్ల నడకలో గ్రంథాలయమెందుకని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి. తరువాత నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్. నిజాం కళాశాలకు మూలమైన హైదరాబాద్ కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కుటుంబం ఇల్లు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో అచ్చయిన తన తొలి కవితా సంపుటికి పెట్టిన పేరే ఈ ఇంటి పేరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఇక్కడే మొదలైంది. చివరన 1935 నాటి మొజంజాహీ మార్కెట్ చేరితే పిల్లలకు ఐస్‌క్రీము, పెద్దలకు కూర్చోవడానికి చోటు దొరుకుతాయి. ముప్పై మందిని ఒకే గుంపుగా నడిపించకండి. రెండు జట్లుగా చేసి అరగంట తేడాతో పంపండి.

ప్రశ్న: మా తాతగారు కట్టించిన ఇల్లు ఇంకా మా అధీనంలోనే ఉంది. ఒక బృందంవారు చూపించమని అడుగుతున్నారు. అందరి కళ్లా పడితే వారసత్వ కట్టడమని ప్రభుత్వం జాబితాలో పెడుతుందనీ, ఆ తరువాత మేకు కొట్టుకోవడానికి కూడా వీలుండదనీ మా అన్నదమ్ములు భయపెడుతున్నారు. (ఒక పాఠకురాలు, సుల్తాన్ బజార్)

జవాబు: నలుగురు వచ్చి చూసినంత మాత్రాన ఏ ఇల్లూ జాబితాకెక్కదు. ఒకవేళ ఎక్కినా యాజమాన్యం మీదే. కూల్చడానికీ, రూపం మార్చడానికీ అనుమతి కావాలంటారే తప్ప ఇల్లు లాక్కోరు. రాష్ట్రంలో ఇందుకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రం మంజిల్‌ను పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసినప్పుడు, రక్షణ అన్నది కాగితానికే పరిమితం కాదని తేలింది. అయితే మీ అన్నదమ్ముల భయం పూర్తిగా అర్థం లేనిదని మేము అనము: రక్షించమనే ప్రభుత్వం మరమ్మతు ఖర్చులో చేయూతనివ్వకపోతే భారమంతా ఇంటివారి మీదే పడుతుంది, ఇది న్యాయమైన ఫిర్యాదు. పంపకాల సంగతి తేలకుండా ఉంటే ముందు వకీలును కలవండి.

చూపించడానికి ఒప్పుకుంటే ఇల్లంతా చూపనక్కరలేదు. వసారా, ముందు గది, పెరట్లో బావి ఉంటే అది, ఇవి చాలు. పదిమందికి మించి ఒకేసారి లోపలికి రానివ్వకండి. పాత మిద్దె మెట్ల మీదికి అసలే వద్దు. పూజగదీ, పడకగదులూ మూసి ఉంచడం మర్యాద లోపం కాదు. నగరంలోని పాత ఇళ్లను శ్రద్ధగా కాపాడుకుంటున్న యజమానులకు వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ శాఖ పురస్కారాలిస్తూ వస్తోంది. మీ ఇంటికి ఏ మరమ్మతు తగునో అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ప్రశ్న: పాత గోడల గచ్చులో బెల్లం, కోడిగుడ్లు కలిపేవారంటారు. నిజమేనా? సిమెంటు వేస్తే తప్పేమిటి? (ఒక విద్యార్థి, చిక్కడపల్లి)

జవాబు: నిజమే. కాల్చిన సున్నపు రాయిని నీళ్లలో చల్లార్చి, ఇసుకతో కలిపి, ఎద్దు లాగే రాతి గానుగలో మెత్తగా రుబ్బేవారు. అదే డంగు సున్నం. కరక్కాయలు నానబెట్టిన నీరు, బెల్లపు నీరు అందులో కలిపేవారు. గుడ్డుసొన ఎక్కువగా పై పూతకు వాడి, నున్నటి రాయితో పాలరాయిలా మెరిసేదాకా రుద్దేవారు. ఇటువంటి సున్నపు పనితనం చూడాలంటే పిసల్‌బండ దగ్గరి పైగా వంశపు నవాబుల సమాధుల జాలీల (చిల్లుల అల్లిక తెరల) ముందు నిలబడండి. ఒక జాలీలోని నగిషీ పక్కదానిలో ఉండదు.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోయి, లోపలి ఉప్పు పైకి తేలి, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పాత సున్నంతో సహా పెచ్చులూడిపోతుంది. నడకలో ఏ పాత గోడ దగ్గరైనా నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున గమనించండి: బూడిద రంగు సిమెంటు అతుకు, దాని అంచున తెల్లటి ఉప్పు పొడి, వేలితో తట్టితే బోలుగా చప్పుడు. మరమ్మతు చేశామనుకుని చేసిన హాని అది. సున్నపు మేస్త్రీలు దొరకడం లేదన్నది కొంతవరకు సాకు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఏళ్లపాటు సాగిన పునరుద్ధరణలో సున్నపు పని తెలిసిన చేతులు చాలానే తయారయ్యాయి.

ప్రశ్న: ఇటువంటి నడకకు రుసుము పెట్టవచ్చునా? ఫొటోల మాట ఏమిటి? (ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: ఖర్చులకు సరిపడా పెట్టండి, తలుపు తీసిన ఇంటివారికి అందులోంచి ఏమివ్వాలో ముందే మాట్లాడుకోండి. ఇంటి బయట ఫొటోలకు అభ్యంతరం ఉండకపోవచ్చు గాని, లోపల మాత్రం అడగకుండా తీయవద్దు, ఇంటి నంబరూ గేటూ కనబడేలా ఎక్కడా పెట్టవద్దు. అలా పెట్టిన మరునాటి నుంచి స్థలాల బ్రోకర్లు తలుపు తడుతున్నారని వాపోయిన ఇంటివారు ఉన్నారు. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూడదలిస్తే శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు రెండూ మూసి ఉంటాయి.