తాళంచెవులన్నీ ఒక్క జేబులో వేసుకోకు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది. "వాడికి ఉద్యోగం చాలదన్నట్టు వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో అదేదో ఫుట్‌బాల్ క్లబ్బుకి సెక్రటరీ అయ్యాడట, నువ్వైనా చెప్పరా" అంది. నేనేం చెప్పగలను? ఆ ఊబిలో ముప్పై ఏళ్లు మునిగినవాణ్ణి. అందుకని మానెయ్యమని రాయడం లేదు, ఎలా చెయ్యాలో రాస్తున్నాను. అక్కతో మాత్రం మామయ్య గట్టిగా చీవాట్లు పెట్టాడని చెప్పు.

నిన్ను ఎలా పట్టుకున్నారో నువ్వు చెప్పకపోయినా ఊహించగలను. పబ్బు మేడ మీద గదిలో వార్షిక సమావేశం. సెక్రటరీ ఎవరు అనగానే అందరూ తమ బూట్ల వంక చూసుకుంటారు, తలెత్తినవాడు దొరికిపోతాడు. నన్ను వేరే రకంగా పట్టుకున్నారులే. 1980ల్లో ఇక్కడి రొంద లోయలో క్లినిక్ పెట్టిన కొత్త. (మ్యాపులో చూసి మనవాళ్లు రొండా అంటారు. వెల్ష్‌లో రెండు 'డి'లు కలిస్తే మన 'ద'కి దగ్గరగా పలుకుతుంది, నీ నాలుక తిరుగుతుంది కాబట్టి సరిగ్గా పలుకు.) ఒక శనివారం ఊరికే గ్రౌండు పక్కన నిలబడితే, డాక్టరు గారొచ్చారని నీళ్ల బకెట్టు, స్పాంజి చేతిలో పెట్టారు. దెబ్బ తగిలినవాడి మోకాలి మీద చన్నీళ్లు పిండడమే అక్కడి వైద్యం. గుంటూరు మెడికల్ కాలేజీలో ఇది నేర్పలేదు. తర్వాత ట్రెజరర్ని అయ్యాను, తర్వాత సెక్రటరీని. చివరికి బకెట్టు, లెక్కలు, ఉత్తరాలు అన్నీ నావే.

అదే నేను చేసిన పెద్ద తప్పు.

ఒక ఏడాది అక్టోబరులో నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. కొత్తగా చేరిన కుర్రాడి నమోదు కాగితం నా బల్ల సొరుగులో ఉండిపోయింది. అది అక్కడుందని నాకు తప్ప ఎవరికీ తెలీదు. అన్నీ డాక్టరు గారే చూసుకుంటారుగా అని ఆ కుర్రాణ్ణి ఆడించారు. వాడు రెండు గోల్స్ కొట్టాడు. అవతలి క్లబ్బు ఫిర్యాదు చేసింది, మూడు పాయింట్లు పోయాయి, పైన జరిమానా. మా కెప్టెన్ ద్రాక్షపళ్లు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. పాయింట్ల సంగతి నర్సు చెప్పింది. వాళ్ల తమ్ముడు అవతలి జట్టు గోల్‌కీపరు. మే నెలలో రెండు పాయింట్ల తేడాతో కింది డివిజన్‌కి దిగిపోయాం.

ఇప్పుడు కాగితాలు లేవు. ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ వేల్స్ వాళ్ల కామెట్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఆటగాళ్ల నమోదంతా జరుగుతుంది. సొరుగు పోయి లాగిన్ వచ్చిందంతే, జబ్బు అదే. కాబట్టి ఈ వారంలోనే నీతోపాటు ఇంకొకరికి కామెట్‌లో పని నేర్పించు. శుక్రవారం రాత్రి ఇద్దరూ విడివిడిగా చూడండి, రేపటి జట్టులో ప్రతి పేరూ ఆడడానికి అర్హత ఉన్నదేనా, ఎవరి మీదైనా సస్పెన్షన్ ఉందా అని. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని క్లబ్బులో జరిగే పనులన్నీ రాయి. జెర్సీలు ఉతకడం, వలలు కట్టడం, గ్రౌండు గీతలు గీయడం, రిఫరీకి ఫోన్, పెవిలియన్ తాళం, బ్యాంకు, హాలు బుకింగ్. ప్రతి పనికీ ఎదురుగా రెండు పేర్లు పెట్టు. ఒకే పేరున్న పని కనిపిస్తే అక్కడే ఏదో ఒక రోజు కొంప మునుగుతుంది. అన్నిటికీ నీ పేరే కనిపిస్తే ఆ కాగితం నాకు పంపు, అప్పుడు నిజంగానే చీవాట్లు పెడతాను.

పనులు ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు, కంగారు పడకు. కాకపోతే ఇక్కడి భాష తెలుసుకోవాలి. "నౌ, ఇన్ ఎ మినిట్" అంటారు. అది మన ఊళ్లో "ఇదిగో బయల్దేరాను" అన్న మాటకి సొంత అన్న. అన్నవాడు ఇంకా మంచం దిగి ఉండడు. ఆ మాట వినగానే "సరే, శుక్రవారం ఆరింటికి ఫోన్ చేస్తాను" అను, చెయ్యి. కోపం తెచ్చుకోవద్దు. వీళ్లు మాట తప్పినా మనిషిని వదలరు. ఎవరైనా చిన్న పని చేసినా నలుగురిలో "ఖ్వారె టేగ్" అను. న్యాయమైన ఆట అని అర్థం గానీ, వాడుకలో "మెచ్చుకోవాలి వాణ్ణి" అని. అది విన్నవాడు మళ్లీ శనివారం వలలు కట్టడానికి వస్తాడు.

డబ్బు గురించి ఎక్కువ రాయను, నువ్వు లెక్కలవాడివి. ఖాతా క్లబ్బు పేరు మీదే ఉండాలి, ఇద్దరి ఆమోదం లేనిదే పెన్నీ కదలకూడదు. మ్యాచ్ డబ్బులు ఆట కాకముందే వసూలు చెయ్యి, ఓడిపోయాక జేబులన్నీ ఖాళీగానే ఉంటాయి. ఉద్యోగం పోయినవాడు ఒకడైనా ఉంటాడు, వాడి బాకీ పేరు బయటపెట్టకుండా కొట్టెయ్. పెద్ద ఖర్చులకి ఇక్కడి క్రీడల సంస్థ స్పోర్ట్ వేల్స్ వాళ్ల బి యాక్టివ్ వేల్స్ ఫండ్ ఉంది, చిన్న క్లబ్బులకి 300 పౌండ్ల నుంచి సాయం చేస్తుంది. గ్రౌండు, లైట్లలాంటి వాటికి కమ్రి ఫుట్‌బాల్ ఫౌండేషన్ ఉంది. ఎవరైనా అడిగేది ముందు మీ నియమావళి, ఆ తర్వాత లెక్కలు. పాత సెక్రటరీ అట్టపెట్టెల్లో నియమావళి దొరకకపోతే అర్జీల జోలికి పోకముందు అది రాయించుకో. మీకు సొంత పెవిలియన్ ఉంది కాబట్టి కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్‌గా పన్నుల శాఖలో నమోదయ్యారో లేదో కూడా చూడు. అయితే బిజినెస్ రేట్లలో, అంటే పెవిలియన్ మీద కట్టే స్థానిక పన్నులో, 80 శాతం మినహాయింపు వస్తుంది. మాకు ఆ సంగతి తెలిసేసరికి ఆరేళ్లు దండగ.

ఇక వాన. ఈ దేశంలో శీతాకాలపు ఫుట్‌బాల్ అంటే సగం ఆట, సగం బురదతో కుస్తీ. మా గ్రౌండు నది పక్కన, బొగ్గు గనుల కాలంలో కార్మికుల సంక్షేమం కోసం ఇచ్చిన నేల. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అందులో వరి నాటొచ్చు. శనివారం పొద్దున్నే గ్రౌండుకి వెళ్లు. గోల్ ముందు, మధ్య వృత్తంలో, మూలల్లో మడమతో తొక్కి చూడు. నీళ్లు పైకి వస్తుంటే చూద్దాంలే అని నానబెట్టకు. మీ లీగు నియమాల ప్రకారం గ్రౌండు చూడాల్సినవాళ్లకి వెంటనే చెప్పు, అవతలి జట్టు బస్సు ఎక్కకముందే కబురు అందాలి. గంటన్నర ప్రయాణం చేసి వచ్చినవాళ్లని గేటు దగ్గర నుంచి వెనక్కి పంపితే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. నేను కూడా ఒక క్లబ్బుని అలాగే గుర్తుపెట్టుకున్నాను, పేరు రాయను.

వర్షంకంటే గట్టి శత్రువు రగ్బీ. ఫిబ్రవరి, మార్చిల్లో జరిగే ఆరు దేశాల రగ్బీ పోటీ, సిక్స్ నేషన్స్ తేదీలు ఇప్పుడే క్యాలెండర్లో ఎర్రసిరాతో గుర్తుపెట్టుకో. వేల్స్ కార్డిఫ్‌లో ఆడే శనివారం నీకు పదకొండు మంది దొరకరు, దొరికినా పదకొండు మంది మనసు దొరకదు.

ఇప్పుడు ఫుట్సాల్, అదే హాల్లో జట్టుకి అయిదుగురు ఆడే ఫుట్‌బాల్. నువ్వు ఫోన్లో "చలికాలంలో కాలక్షేపానికి పెట్టారు మామయ్యా" అన్నావే, ఆ మాట నాకు నచ్చలేదు. గ్రౌండు మునిగిపోయిన నెలల్లో మా క్లబ్బు చావకుండా ఉన్నది ఫుట్సాల్ వల్లే. నాలుగు వారాలు మ్యాచ్‌లు రద్దయితే కుర్రాళ్లు చెదిరిపోతారు, కొందరు తిరిగి రారు. ప్రతి ఆదివారం సాయంత్రం లీజర్ సెంటర్ హాల్లో కలుస్తుంటే క్లబ్బు అనేది ఒకటుందని గుర్తుంటుంది. దానికి వేరే మేనేజరు, వేరే లెక్క, వేరే బంతులు ఉండాలి. మిగిలిపోయినవాళ్లకి పెట్టిన పంక్తిలా చూస్తే వచ్చేవాడు కూడా రాడు.

గోడలకి బంతి కొట్టి ఆడే ఫైవ్ ఎ సైడ్ అలవాటైనవాళ్లు ఇదీ అదే అనుకుంటారు. ఇందులో గోడ లేదు, గీత దాటితే బంతి అవతలివాడిది, వాడు కాలితో లోపలికి తన్నాలి, అదీ నాలుగు సెకన్లలో. బంతి నాలుగో సైజుది, తక్కువ ఎగిరేది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్ల లోపే లేవాలి. చవకగా వస్తుందని మామూలు బంతి కొనకు, హాల్లో అది కుందేలులా గెంతుతుంది, కుర్రాళ్లు కాలి అడుగుతో బంతిని ఆపడం నేర్చుకోరు. పెద్ద కోర్టు 40 మీటర్ల పొడవు, 20 వెడల్పు అంటారు గానీ మన లీజర్ సెంటర్లలో నాలుగు బ్యాడ్మింటన్ కోర్టుల హాలే దిక్కు. ఫరవాలేదు, నియమాలు దానికీ ఒప్పుకుంటాయి. బూట్లు మాత్రం నేల మీద మరకలు పడని చదును అడుగువి. ఒక్కడు గ్రౌండు బూట్లతో దిగినా హాలు చూసే ఆయన మొహం మాడిపోతుంది. ఆయన్ని మంచి చేసుకో. క్రిస్మస్‌కి ఒక బిస్కెట్ల డబ్బా చాలు, రద్దయిన బుకింగ్‌లు ముందు నీకే వస్తాయి.

గడ్డి మీద నుంచి వచ్చినవాళ్లు హాల్లో చేసే పెద్ద తప్పు ఫౌల్స్. అక్కడ భుజంతో నెడితే రిఫరీ చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఇక్కడ ప్రతిదీ లెక్క. ఒక్కో సగంలో జట్టు మొత్తానికి అయిదు ఫౌల్స్ దాకా సరే. ఆరో దాని నుంచి, ముందు గోడలా నిలబడే వీలు లేకుండా, పది మీటర్ల గుర్తు నుంచి ఫ్రీ కిక్. మొదటి ఏడాది కప్పు మ్యాచ్‌లో మా సెంటర్ హాఫ్, అంటే వెనక కాపలా కాసేవాడు, ఒక్కడే నాలుగు చేశాడు. పాపం, ఎనిమిది నిమిషాల్లో మాకు అయిదూ నిండిపోయాయి. అందుకని బెంచి మీద ఒక మనిషికి ఇదే పని అప్పజెప్పు, ఫౌల్స్ లెక్క, గడియారం, సగానికి ఒకటే వచ్చే టైమవుట్. నాలుగో ఫౌల్ పడగానే ఆ దుడుకువాణ్ణి బయటికి లాగెయ్యాలి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కదా. కుర్రాళ్లకి ఊపు రావాలంటే ఒక మాట చెప్పు: అసోసియేషన్ ఫుట్సాల్ కప్పు గెలిచినవాళ్లు యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగుకి వెళ్తారు. నవ్వుతారు, కానీ మరుసటి వారం తొందరగా వస్తారు.

పిల్లల విభాగం విషయంలో నీకు మొహమాటం వద్దు. పిల్లల్ని చూసే ప్రతి కోచ్‌కీ డీబీఎస్ తనిఖీ, అంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అన్న తనిఖీ, అవ్వాలి, ఎంత ఆప్తుడైనా సరే. పిల్లలతో విడిగా వాట్సాప్ వద్దు, తల్లిదండ్రులతోనే. 2025లో వేల్స్ మహిళల జట్టు తొలిసారి యూరో కప్పు ఆడాక మా లోయలో ఆడపిల్లలు వరసకట్టారు. మీకూ వస్తారు, వాళ్లకి హాల్లో మంచి సమయం ఇవ్వు, రాత్రి తొమ్మిదింటిది కాదు. అసలు గోలంతా గీత పక్కన నిలబడే నాన్నలది. గోల చేసేవాడికి ఒక జెండా ఇచ్చి లైన్స్‌మన్‌ని చేసెయ్, సగం మంది అక్కడే చల్లబడతారు.

ఇంకా రాయొచ్చు గానీ అత్తయ్య లైటు ఆర్పమంటోంది. నా గరాజులో రెండు ఫుట్సాల్ బంతులు, గాలి పంపు, ఫౌల్స్ లెక్కపెట్టే అంకెల అట్టలు, గ్రౌండు కొలిచే టేపు ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఒక్కడివే రాకు, ఆ కాగితంలో రెండో పేరున్నవాళ్లని ఒకరిద్దరిని వెంటబెట్టుకుని రా. నేను ఇంట్లో లేకపోయినా ఫరవాలేదు, గరాజు రెండో తాళంచెవి పక్కింటావిడ దగ్గరుంది.

నీ మామయ్య