పెళ్లిళ్లకు డీజేగా వెళ్లేముందు పాటల సేకరణను ఎలా సర్దుకోవాలి?

పలమనేరు నుంచి మీరు అడిగిన ప్రశ్న ఇది: హార్డ్ డిస్క్‌లో 9,000 దాకా పాటలున్నాయి, సగం ఫైళ్లకు డౌన్‌లోడ్ చేసిన వెబ్‌సైట్ల పేర్లే ఉన్నాయి, మాఘమాసం పెళ్లిళ్లకు డీజేగా వెళ్లేలోపు వీటిని ఎలా సర్దుకోవాలి? నేను తిరుపతిలో ఉంటూ 11 సంవత్సరాలుగా తిరుచానూరు, శ్రీకాళహస్తి మొదలుకొని చిత్తూరు, నగరి వరకు రిసెప్షన్లకు, హల్దీలకు, ఊరేగింపులకు పాటలు వేస్తున్నాను కాబట్టి, నాకు అక్కరకొచ్చిన పద్ధతిని రాస్తున్నాను.

సినిమా పేరు, సంవత్సరం వారీగా ఫోల్డర్లు చేయడంతోనే నేనూ మొదలుపెట్టాను. 2017లో చిత్తూరులోని ఒక కల్యాణ మండపంలో పెళ్లికూతురి మేనమామ గారు నా దగ్గరకు వచ్చి, ఒక పాత పాట పల్లవిని పాడి వినిపించి, తన చెల్లెలితో కలిసి ఆ పాటకు ఆడాలని ఉందన్నారు. ఆ పాట నా దగ్గర ఉందని నాకు తెలుసు. కానీ నేను ఏ స్పెల్లింగ్‌తో వెతికినా తెరపైకి రాలేదు. మూడు పాటలు గడిచిపోయాక ఆయన భోజనాల వైపు వెళ్లిపోయారు. ఇంటికి వచ్చి చూస్తే అదే పాట మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంది. ఆ రాత్రి నుంచే, పాటను ఎవరు ఏ మాటతో అడుగుతారో ఆ మాటతోనే అది దొరకాలన్న నియమం పెట్టుకున్నాను.

తెలుగు పాటల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. ‘త’కు ఒకరు టీ మాత్రమే రాస్తే మరొకరు టీ, హెచ్ కలిపి రాస్తారు; దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’ అక్షరాలు పెడితే ఇంకొకరు ఒకటితో సరిపెడతారు. తెలుగు లిపిలోనే రాసుకుందామంటే, ఆ లిపిని చూపలేని ప్లేయర్ల తెరపై పేరే కనబడదు, చీకట్లో తెలుగులో టైపు చేయడమూ కష్టం. అందువల్ల ఒక కాగితం మీద మీ స్పెల్లింగ్ నియమాలు రాసుకోండి: ‘త’ ఎప్పుడూ ఇలాగే, దీర్ఘం ఎప్పుడూ ఇలాగే. ఏ నియమమైనా ఫరవాలేదు, మధ్యలో మార్చకుండా ఉంటే చాలు. తర్వాత ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో, ఫైలు పేరు కంటే ముఖ్యంగా ఫైలు లోపలి ట్యాగులను సవరించండి. టైటిల్‌లో పల్లవి మొదటి రెండు మూడు మాటలు, ఆల్బంలో సినిమా పేరు ఉండాలి. ఆర్టిస్ట్ గడిలో సాధారణంగా గాయకుల పేర్లుంటాయి. అయితే పెళ్లికి వచ్చినవారిలో గాయకుడి పేరు చెప్పి పాట అడిగినవారిని నేను చాలా అరుదుగా చూశాను. వారు హీరో పేరు చెబుతారు, లేకపోతే పల్లవి మధ్యలో ఎక్కడో వచ్చే ఒక పదం చెబుతారు. ఆ రెండింటినీ కామెంట్ గడిలో చేర్చండి. రికార్డ్‌బాక్స్, సెరాటో, వర్చువల్ డీజే, ఈ డీజే సాఫ్ట్‌వేర్లలో మీరు ఏది వాడినా కామెంట్‌ను చదువుతుంది.

కామెంట్‌లోనే భాషను కూడా గుర్తించండి. నగరి, పుత్తూరు వైపు అరగంట తమిళ పాటలు లేకుండా రిసెప్షన్ ముగియదు. మీ పలమనేరు, కుప్పం వైపు కన్నడ పాటలు అడిగే బంధువులు తప్పకుండా ఉంటారు.

ఇక టెంపో. సాఫ్ట్‌వేర్ చూపే బీపీఎంను, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే సంఖ్యను, మన పాటలకు నమ్మవద్దని నేను గట్టిగా చెబుతాను. ఈ ప్రోగ్రాములు ప్రధానంగా నాలుగు దెబ్బల లెక్కకు అలవాటుపడినవి. మన డప్పు, పలకల పాటల్లో చాలావరకు ఒక్కో దెబ్బ మూడుగా విడిపోయే తిశ్ర నడకలో, అంటే సిక్స్ ఎయిట్‌లో నడుస్తాయి. అసలు నడక 96 ఉన్న పాటకు సాఫ్ట్‌వేర్ 144 అని గానీ, 64 అని గానీ చూపవచ్చు. 70ను 140గా చూపిన పాటనైతే సగానికి తగ్గించే బటన్‌తో సరిచేయవచ్చు గానీ, ఒకటిన్నర రెట్ల తేడా ఆ బటన్‌తో పోదు. పాట వింటూ చేత్తో ట్యాప్ చేసి సరైన సంఖ్యను మీరే ఇవ్వాలి, కామెంట్‌లో తిశ్రం అని గుర్తు పెట్టుకోవాలి. గంగజాతర ఊరేగింపులో నడక తెగకుండా గంటసేపు పాటలు వేయవలసి వచ్చినప్పుడు ఈ ఒక్క గుర్తు నన్ను ఎన్నిసార్లు కాపాడిందో చెప్పలేను. 1980ల నాటి ఇళయరాజా పాటల వంటివి వాద్యకారులు కలిసి కూర్చుని వాయించినవి కాబట్టి, టెంపో లోలోపల కొద్దిగా కదులుతూ ఉంటుంది. వాటిని బీటు కలిపి మిక్స్ చేయాలని చూడకుండా, ముందు పాటను శుభ్రంగా ముగించి వీటిని మొదటి నుంచి వేయడమే ఆ పాటలకు మనమిచ్చే మర్యాద అని నా అభిప్రాయం.

శ్రుతి కలపడానికి 8ఏ, 8బీ వంటి గుర్తులున్న క్యామెలాట్ పద్ధతి ఉంది. అది మంచిదే, అయినా సినిమా పాటల్లో ఒక గొంతు మీద ఇంకొక గొంతు పడకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం. చాలా పాటలు తాళం లేని ఆలాపనతో మొదలవుతాయి కాబట్టి, హాట్ క్యూలకు, అంటే బటన్ నొక్కగానే పాటలో అనుకున్న చోటికి తీసుకెళ్లే గుర్తులకు, నేను ఒక స్థిరమైన క్రమం పెట్టుకున్నాను. మొదటిది ఎప్పుడూ తొలి దెబ్బ, రెండవది పల్లవి, మూడవది చరణానికి ముందున్న వాద్యసంగీతం, నాలుగవది బయటికి వెళ్లే చోటు. అన్ని పాటలకూ ఇదే క్రమం ఉంటే చేయి తడుముకోదు.

ఇదంతా 9,000 పాటలకు చేయలేరు, చేయవలసిన అవసరమూ లేదు. నాలుగు గంటల రిసెప్షన్‌లో పాటకు మూడు నిమిషాల చొప్పున వేసినా 80 పాటలే పడతాయి. నా డిస్క్‌లో ఇప్పుడు 1,400 పాటలే ఉన్నాయి. నాణ్యత లేనివాటిని మొదట తీసేయండి: స్పెక్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే 128 కేబీపీఎస్ అనే తక్కువ నాణ్యత ఫైలుకు సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గరే ధ్వని తెగిపోయి కనిపిస్తుంది. ఎక్కువ నాణ్యతను సూచించే 320 అని పేరు పెట్టి ఉన్నా అక్కడే తెగిందంటే, అది చాలావరకు తక్కువ నాణ్యత ఫైలును మళ్లీ మార్చినదే. అలాంటిది ఇంట్లో బాగానే వినిపించినా పెద్ద స్పీకర్లలో పలచబడిపోతుంది. దాన్ని కొనుక్కొని మార్చుకోవడమే మంచిది.

పని చేసే వరుస తప్పకండి. ట్యాగులు, ఫైలు పేర్లు, ఫోల్డర్లు అన్నీ సరిచేసిన తర్వాతే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి క్యూలు పెట్టాలి. రికార్డ్‌బాక్స్ క్యూలను తన డేటాబేస్‌లో ఫైలు ఉన్న చోటుతో ముడిపెట్టి దాచుకుంటుంది. తర్వాత ఫోల్డర్ పేరు మారిస్తే పాట కనబడటం లేదంటుంది, ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి మళ్లీ చూపించుకోవాలి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, పయొనీర్ సీడీజేలు అనే డీజే ప్లేయర్లు ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌ను చదవవు. 320 కేబీపీఎస్‌లో ఐదు నిమిషాల పాట సుమారు 12 ఎంబీ ఉంటుంది కాబట్టి 32 జీబీలో దాదాపు 2,600 పాటలు పడతాయి. ఒకే సరుకుతో రెండు పెన్‌డ్రైవ్‌లు తయారుచేసి, రెండింటినీ వేర్వేరు జేబుల్లో పెట్టుకొని వెళ్లండి.

మాఘానికి ఇంకా రెండు నెలలుంది. రోజుకు పది పాటల చొప్పున కూర్చుంటే 600 సిద్ధమవుతాయి, మీ మొదటి పెళ్లికి అవి ధారాళంగా సరిపోతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు తరచూ అడిగే పాటలతోనే మొదలుపెట్టండి. వారు ఏ మాటతో అడుగుతున్నారో విని, ఆ మాటనే కామెంట్‌లో రాయండి.