అతొతొనిల్కొ గోడ మీది ఉప్పు

తమ్ముడూ,

మెక్సికోలోని అతొతొనిల్కొ ఆలయం గురించీ, దాన్ని కట్టించిన పాదిరీ అల్ఫారో గురించీ నువ్వు రాసిన రాతప్రతి మొత్తం చదివాను. ఏడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. "గోడల మీద తేలిన ఆ తెల్లటి పొడి, రెండున్నర శతాబ్దాల భక్తుల కన్నీళ్లు ఎండిపోగా మిగిలిన ఉప్పు" అని రాశావు. వినసొంపుగా ఉంది. పత్రికవాళ్లు దాన్నే పెద్దక్షరాల్లో గడి కట్టి వేస్తారు కూడా. కానీ ఆ గోడకి ఏం జరుగుతోందో నువ్వు కనుక్కోలేదని ఆ ఒక్క వాక్యమే బయటపెట్టేసింది.

ఆ ఉప్పు నేలలోంచి వస్తుంది. అతొతొనిల్కొ అంటే అక్కడి ఆదివాసుల నహువాత్ల్ భాషలో వేడినీళ్లున్న చోటు. తడి నేలలో నిలబడ్డ గోడ, వత్తి నూనె పీల్చినట్టు నీటిని పైకి పీలుస్తుంది. నీటితోపాటు అందులో కరిగిన లవణాలూ ఎక్కుతాయి. గోడ పైపొర దగ్గర నీరు ఆవిరైపోయి లవణం గడ్డకడుతుంది. అది పూతకు వెలుపల గడ్డకడితే నీకు కనపడిన తెల్లపొడి. మెత్తటి కుంచెతో దులిపేయవచ్చు. పూతకు వెనక గడ్డకడితే మాత్రం పెరుగుతూ పెరుగుతూ రంగుపొరను బయటికి తోస్తుంది, బొమ్మ పెచ్చులుగా రాలుతుంది. ఇలాంటి పాత గోడకి ఎవరైనా మంచి చేస్తున్నామనుకుని సిమెంటు పూశారంటే నష్టం రెట్టింపు. సున్నపు పూత తడిని బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. దారి మూసుకుపోయిన తడి ఇంకా పైకెక్కి, బొమ్మలున్న వైపుకే తేలుతుంది.

బాగుచేసేవాళ్లు బొమ్మ దగ్గర మొదలుపెట్టరు. ముందు కప్పు మీది నీరు ఎటు పోతోందో, గోడ చుట్టూ నేల వాలు ఎటుందో చూస్తారు. ఆ తర్వాతే రాలబోతున్న రంగు మీద పల్చటి జపాన్ కాగితం అతికించి పట్టి ఉంచడం, గోడ నుంచి విడిపోయి బోలుపడిన చోట సూదితో పల్చటి సున్నం ఎక్కించడం, శుద్ధజలంలో నానిన కాగితపు గుజ్జును పట్టీ వేసి లవణాన్ని లాగడం. వాలు సరిచేయకుండా పట్టీలు వేస్తే ఆ పట్టీ తడే కింది నుంచి కొత్త ఉప్పును పిలుస్తుంది. 1996లో పాత కట్టడాలను కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ ఈ ఆలయాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. దగ్గరి పట్టణమైన సాన్ మిగెల్‌తో కలిపి 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని కుంచెలు, ఎన్ని సూదులు, ఎంత ఓపిక! నీ కన్నీళ్ల వాక్యం ఆ పనంతటినీ కప్పేసింది.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. గుడి కట్టినవాడి భక్తిని విశేషణాలతో రాయకూడదు, సరుకుతో రాయాలి. "పరమ భక్తుడు", "త్యాగమూర్తి", "దైవాంశ" అనే మాటలు నీ మొదటి నలభై పేజీల్లో ఎన్నిసార్లు వచ్చాయో ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి పంపుతున్నాను. సున్నం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. "ఫాదర్ అల్ఫారో ప్రార్థించాడు, ఆలయం లేచింది" అన్నావు. 1740 మే 3న తొలి రాయి పడింది, 1776 దాకా పని సాగింది. ముప్పై ఆరేళ్లు! లూయిస్ ఫెలిపె నెరి దె అల్ఫారో 1709లో మెక్సికో నగరంలో పుట్టాడు. అంటే ఆయన ముప్పై దాటి పని మొదలుపెట్టి, 1776లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఇంత ఆయుష్షును ఒక వాక్యంలో దాటేస్తే అది భక్తికి గౌరవం కాదు.

మే 3 మామూలు తేదీ కాదు. అది శిలువ పండుగ. మెక్సికోలో తాపీమేస్త్రీల పండుగ కూడా అదే. ఈనాటికీ ఆ రోజు కట్టుబడి చోట్ల పూలతో అలంకరించిన శిలువ నిలబెడతారు. పైగా అక్కడ వానలు జూన్‌లో మొదలవుతాయి. మేలో పునాది కందకం తవ్వినవాడికి మిగిలేది నెలే. ఆ నెలలో రాయి పడి నేల మట్టానికి రాకపోతే కందకంలోకి నీరు చేరి అంచులు కూలతాయి. నీ నాయకుడి గుండె కొట్టుకోవాల్సింది అక్కడ.

మెస్కీట్ అనే ముళ్లచెట్టు కింద అల్ఫారో నిద్రపోతే, ముళ్లకిరీటంతో శిలువ మోస్తున్న క్రీస్తు కలలో కనపడ్డాడని చెప్పుకుంటారు. దానికి పదకొండు పేజీలు ఇచ్చావు. రెండు చాలు. మిగతా తొమ్మిదీ అనుమతికీ డబ్బుకీ ఇవ్వు. ఆ రోజుల్లో పాదిరీ తన ఇష్టానికి గుడి కట్టడానికి లేదు. ఆ ప్రాంతం మిచొఅకాన్ బిషప్పు కింద ఉండేది, చర్చి వ్యవహారాల మీద స్పెయిన్ రాజుకి హక్కుండేది. డబ్బు సంగతి ఇంకా పెద్దది. సాన్ మిగెల్ ఎల్ గ్రాందె, అప్పటి పేరు అదే, వెండి గనుల దారి మీది సంపన్న పట్టణం. ఉన్ని నేత కార్ఖానాలు, పశువుల మందలు, తోళ్లు. ఆ కార్ఖానాల్లో అప్పు కింద కట్టుబడి, బయటికి వెళ్లే వీలు లేక పనిచేసినవాళ్లున్నారు. ఆ ఉన్ని మీద వచ్చిన లాభమే దానమై గుళ్లకు చేరింది. కనాల్ కుటుంబాన్ని చూడు: మాన్వెల్ తోమాస్ దె ల కనాల్ 1735లో సాన్ మిగెల్‌లో లొరెతో చాపెల్ కట్టించాడు, అతని కూతురు హొసెఫా లీనా తన వారసత్వపు సొమ్ము పెట్టి కన్యాస్త్రీల మఠం స్థాపించింది, ఆమెకు ఆత్మబోధకుడు అల్ఫారోయే. దాతల గుమ్మం దగ్గర నిలబడ్డ పాదిరీని చూపించు. నీ కథలో డబ్బు "దేవుడి దయవల్ల సమకూరింది". ఎవరి జేబులోంచి?

ఇక సున్నం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే వంద కిలోల రాయికి యాభయ్యారు కిలోల సున్నం మిగులుతుంది, మిగతాది గాలిలో కలుస్తుంది. ఆ వేడి రావాలంటే బండ్లకొద్దీ కట్టెలు కావాలి. కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, జల్లించి, గుంటలో నెలల తరబడి మగ్గబెడతారు. తొందరపడి వాడితే చల్లారని పలుకులు గోడలో దాక్కుని, తర్వాతెప్పుడో తడి తగిలి ఉబ్బి, బొమ్మ ముఖం మీదే చిన్న గుంట పెట్టి ఊడిపడతాయి. గచ్చుకి ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. మన మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపినట్టు, మెక్సికోలో నోపాల్ అనే నాగజెముడు మట్టలు కోసి నీళ్లలో నానేసి ఆ జిగురు కలుపుతారు. గచ్చు త్వరగా ఆరి పగలకుండా, నీటిని కాస్త ఆపేలా చేస్తుందది. నీ పుస్తకంలో ఈ పని చేయడానికి ఒక్క మేస్త్రీ అయినా లేడు.

చిత్రకారుడు మిగెల్ ఆంతోనియో మార్తీనెస్ దె పొకసంగ్రె నీ పుస్తకంలో ఆకాశంలోకి చూసి బొమ్మలు ఊహిస్తాడు. ఆయన ముందున్నవి యూరప్ నుంచి, ముఖ్యంగా ఫ్లాండర్స్ నుంచి, అంటే నేటి బెల్జియం ప్రాంతం నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు. అరచేతంత అచ్చును గోడంత చేయాలంటే కొలత తప్పకూడదు, కప్పు వంపు దగ్గర ముఖం సాగకూడదు. ఆ అచ్చులు నలుపు తెలుపు. కాబట్టి గోడ మీది ఎరుపూ నీలమూ ఎంచుకున్నవాడు ఆయనే. అక్కడే ఆయన చెయ్యి వెతుకు. ఇది సుమారు ముప్పై ఏళ్ల పని. ఆ బొమ్మల పక్కన రాసిన పద్యాలు అల్ఫారోవి. చదువు రానివాడికి బొమ్మ, వచ్చినవాడికి పద్యం. నడుం నొప్పితో, ఆకలితో నిలబడ్డ యాత్రికుడి కోసం రాసిన మాటలవి. నువ్వు రాతగాడివి కాబట్టి ఆయనలో నీకు అన్నిటికన్నా దగ్గరగా ఉండాల్సింది ఇదే. దాన్నే వదిలేశావు.

ఈ గుడి ఎందుకు కట్టాడో కూడా నీ పేజీల్లో లేదు. యేసు సభ (జెస్యూట్లు) స్థాపకుడు లయోలా ఇగ్నేషియస్ ఏర్పరచిన ఆత్మసాధనకు వచ్చేవాళ్ల కోసం కట్టాడు. రోజుల తరబడి మౌనం, ఉపవాసం, ప్రాయశ్చిత్తం. వందలమంది ఒకచోట ఉండాలంటే పడుకోవడానికి చాపలు, తాగే నీరు, వంటిల్లు, పాయిఖానా కావాలి. 1767లో స్పెయిన్ రాజు ఆ యేసు సభవాళ్లను దేశంనుంచి వెళ్లగొట్టాక కూడా ఇక్కడ ఆ సాధన ఆగలేదు, నేటికీ జనం వస్తూనే ఉన్నారు. బయటినుంచి చూస్తే కోటలాంటి ఎత్తైన బోసిగోడ. లోపల అంగుళం ఖాళీ లేని బొమ్మలు. పశ్చాత్తాపపడేవాడిని లోపలికి తీసుకెళ్లే పద్ధతి అది.

ఒక తప్పు వెంటనే దిద్దుకో. అల్ఫారో గులాబి రంగు శిఖరాల కింద ప్రసంగించాడని రాశావు. ఆ శిఖరాలు సాన్ మిగెల్ పట్టణపు పెద్ద చర్చివి. ఆ ముఖభాగం 1880ల్లో సెఫెరీనో గుతియెర్రెస్ అనే మేస్త్రీ కట్టాడు. అల్ఫారో పోయి అప్పటికి వందేళ్లు దాటింది.

అంకెలు ఉంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని సంపాదకులు నీకు చెప్తారు. వాళ్ల మాట వినకు. పొగమంచులాంటి భాషకు మార్మికత అని పేరుపెట్టి బహుమతులిచ్చే కాలం ఇది. ఆ సంపాదకులే సున్నం పాళ్లు కొట్టేసి, కన్నీళ్ల వాక్యాన్ని ఉంచుతారు. కొట్టేయనివ్వకు.

పుస్తకం పేరు మార్చాలా, ఏ ప్రచురణకర్తకి పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. రాత్రిపూట ఒంటరిగా ఊడ్చే ముసలావిడ పేరా మాత్రం అలాగే ఉంచు, ఆమె చీపురు ఎటునుంచి ఎటు కదిలిందో నువ్వు నిజంగా చూశావు.

ముందు పునాది పడే మూడో అధ్యాయం తిరగరాసి పంపు. వానలకు ముందు పునాది నేల మట్టానికి వచ్చిందో లేదో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్న