కాలవ గట్టు మీద గొడ్లు ఎదురైతే

ఉద్యోగం మీద ఉరవకొండకు వచ్చామని, సాయంత్రాలు హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలవ గట్టు మీద కుక్కను వెంటబెట్టుకొని నడుస్తున్నామని రాశారు. గొడ్ల మంద ఎదురైనప్పుడు కొమ్ములు పెద్దగా ఉన్నవాటికి దూరంగా జరిగితే చాలా అని అడిగారు. చాలదు. కొమ్ముల పొడుగుకూ పొడిచే గుణానికీ చుట్టరికం లేదు. మన పక్క దుక్కికి కట్టే హళ్లికార్ ఎద్దుకు కొమ్ములు వెనక్కి వాలి కత్తుల్లా ఉంటాయి. ఏళ్ల తరబడి కాడి మోసిన ఎద్దయితే పక్కన చిన్నపిల్లోడు నడిచినా తల తిప్పదు. అదే కొమ్ములు కాల్చేసిన జెర్సీ ఆవు నుదుటితో గుద్ది గోడకు అదిమిందంటే పక్కటెముకలు విరుగుతాయి. కొమ్ముల సంగతి తర్వాత. ఆ గొడ్డు తప్పుకొని పోవడానికి దారి ఉందా, దగ్గర్లో దూడ ఉందా, మీ చేతిలో కుక్క ఉందా, ఇవి చూడండి.

ముందు కుక్క సంగతి, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు ముప్పు అదే. మీకది పేరున్న పెంపుడు కుక్క. దూడ తల్లికి మాత్రం తోడేలు. ఈ మెట్ట భూముల్లో తోడేళ్లు ఇప్పటికీ ఉన్నాయి, కాబట్టి ఆవు భయం ఉత్తది కాదు. కుక్క మొరుగుతూ నాలుగడుగులు ముందుకు ఉరుకుతుంది, ఆవు తల దించగానే తోక ముడుచుకొని మీ కాళ్ల వెనక్కొస్తుంది. ఆవు కుక్క వెంటే వస్తుంది. మధ్యలో మీరుంటారు. అప్పుడు చాలామంది చేసే పని కుక్కను ఎత్తి గుండెలకు హత్తుకోవడం. అంతకు మించిన తప్పు లేదు. చేతిలో తాడు వదిలేయండి. కుక్క పరుగెత్తి తప్పించుకుంటుంది, ఆవు దాని వెంట పోతుంది, మీరు పక్కకు జరగొచ్చు. తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని నడిచే అలవాటుంటే ఈరోజే మానండి. అవసరానికి అది ఊడదు.

దూడ ఎప్పుడూ తల్లి పక్కనే ఉండదు. ఈనిన మొదటి రోజుల్లో దూడ ఏ పొద చాటునో, బుడ్డల (వేరుశనగ) చేనులోనో ముడుచుకొని పడుకుంటుంది, తల్లి యాభై అడుగుల అవతల మేస్తుంటుంది. మీకు కనిపించేది ఒక్క ఆవే. దాని వాలకం చూస్తే తెలిసిపోతుంది: మేత ఆపి తలెత్తుతుంది, ఒకసారి మీ వైపు, ఒకసారి పొద వైపు చూస్తుంది, నోరు తెరవకుండా గొంతులోనే మూలుగుతుంది. తోక కింద నెత్తురు ఎండి ఉన్నా, మాయ వేలాడుతున్నా ఆ పూటే ఈనిందని. అలాంటప్పుడు ముందుకు పోవద్దు. దూడ ఎక్కడుందో తెలిసిందాకా వెనక్కి తగ్గి, పెద్ద చుట్టు తిరిగి పోండి. మామూలు ఆవుకు ఇరవై అడుగుల ఎడం చాలు, బాలింత ఆవుకు కనీసం దానికి మూడింతలు వదలాలి.

ఇక దారి. గట్టు దిగి ఊళ్లోకి పోయే బండ్లబాటల్లో కొన్నిచోట్ల రెండు పక్కలా కిత్తనార కంచె ఉంటుంది, ఆకు చివర ముల్లు బొటనవేలంత. బాట వెడల్పు ఒక ఎద్దులబండికి సరిపడా. పొద్దు వాలే వేళ ఇరవై గొడ్లు ఇంటిమొఖం పట్టి ఈ బాటలోకి దూరతాయి. పొద్దున మేతకు పోయే మందకూ సాయంత్రం తిరిగొచ్చే మందకూ చాలా తేడా. పొద్దున అవి దారెంట ఒక్కో గడ్డిపరక కొరుక్కుంటూ పోతాయి. సాయంత్రం పొదుగు నిండి సలుపుతుంటుంది, ఇంటి దగ్గర దూడ కట్టేసి ఉంటుంది, తొట్టిలో కుడితి ఉంటుంది. నడక కాదు, దాదాపు పరుగు. కాపరి అందరికంటే వెనక, దుమ్ములో ఉంటాడు, ముందు ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. మీరు బాట మధ్యలో నిలబడి సెల్లు తీసి వీడియో పట్టారనుకోండి. ముందున్న ఆవు ఆగుతుంది. వెనకవి ఆగవు, దాన్ని నెడతాయి. దానికి పక్కల ముళ్లు, వెనక మంద, ఎదురుగా మీరు. దానికి మీ మీద కోపమేమీ లేదు, మీరున్న చోటే దానికి మిగిలిన సందు. గుద్దుతుంది.

అందుకే ఇలాంటి బాటలోకి దిగే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. అవతలి కొసన దుమ్ము లేస్తున్నా, గంటల చప్పుడు వినబడుతున్నా దిగొద్దు, మంద దాటేదాకా బయటే నిలబడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నడిచేవాళ్లకు ఈ గంటలు వినబడవు, వాళ్లకు ఏ సలహా ఇచ్చినా దండగే. అప్పటికే మధ్యలో చిక్కుకుంటే కంచెలో ఏ కాస్త ఖాళీ ఉన్నా అందులోకి ఒదిగి, కదలకుండా, మామూలు గొంతుతో ‘హో... హో...’ అంటూ నిలబడండి. మీరిద్దరుంటే ఇద్దరూ ఒకే పక్కన ఉండండి. చెరో పక్క నిలబడితే మంద మీ మధ్యలోంచి పోవడానికి జంకుతుంది.

గట్టు మీద ఎదురైతే పొలం వైపు దిగండి, కాలవ వైపు మాత్రం వద్దు. లైనింగ్ పాచి పట్టి ఉంటుంది, జారితే పైకి ఎక్కలేరు, నీళ్ల లాగుడు గట్టిగా ఉంటుంది. ఆవు పొడుస్తుందని భయపడి కాలవలో పడడం తెలివైన పని కాదు.

వెనక నుంచి మందను దాటాల్సివస్తే ముందే గొంతు వినిపించండి. ఆవుకు రెండు పక్కలా దాదాపు చుట్టూ కనిపిస్తుంది, తోక వెనక మాత్రం కనిపించదు. అక్కడ హఠాత్తుగా అలికిడైతే తన్నుతుంది. గుర్రంలా సూటిగా వెనక్కే తన్నదు, కాలు ముందుకు తెచ్చి పక్కకు కొడుతుంది. కాబట్టి తొడ పక్కన నిలబడితే భయం లేదనుకోవద్దు. దారికి అడ్డంగా నిలబడిన ఆవును కదిలించాలంటే దాని భుజానికి వెనకగా, దూరంగా నడవండి, ముందుకు కదులుతుంది. భుజం దాటి ముందుకొస్తే ఆగి వెనక్కి తిరుగుతుంది. పశువులు కాసేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, మనం నేర్చుకోవాలి.

కట్టేసిన గొడ్డు అయితే పలుపు ఎంత పొడుగుందో చూడండి. గుంజ నుంచి పలుపు పొడుగు, దాని మీద గొడ్డు పొడుగు, ఇంకో రెండడుగులు, అంత దూరం దాని రాజ్యం. గొడ్డు బాటకు ఒక పక్క, గుంజ ఇంకో పక్క ఉంటే మధ్యలో పలుపు గడ్డిలో కనిపించదు. అప్పుడే ఎవడో బైకు హారన్ కొడతాడు, గొడ్డు ఉలిక్కిపడుతుంది, పలుపు పిక్కల ఎత్తుకు లేస్తుంది. నన్నడిగితే పల్లెల్లో కొమ్ము కంటే పలుపే ఎక్కువమందిని పడేస్తుంది. ఆ హారన్ల సంగతి చెప్పాలంటే ఇంకో ప్రశ్న కావాలి. మంద వెనక చేరి నొక్కుతూనే ఉంటారు, గొడ్డు ఎటు పోవాలో చెప్పే హారన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మెడకు గుదిబండ, అంటే ముందు కాళ్లకు తగిలేలా వేలాడే కర్ర దుంగ ఉంటే, ఆ గొడ్డు కంచెలు దూకేదో మీదికొచ్చేదో అని సొంతదారే రాసిపెట్టిన బోర్డు అది. ముకుదాడు లేకుండా ఒంటరిగా తిరిగే, మూపురం బలిసిన కోడె కనిపిస్తే దేవుడి పేరు మీద వదిలింది కావచ్చు. దాన్ని పట్టేవాడు ఎవడూ లేడు. అది తల ఊపడం వేరు, జోరీగలు కుట్టినా ఊపుతుంది. మెడ బిగించి ఒళ్లంతా అడ్డంగా చూపిస్తూ, తల దించి, కాలితో మన్ను వెనక్కి గీరి బుస కొడుతుంటే అది హెచ్చరిక. లేపాక్షి బసవన్న పక్కన ఫొటో దిగిన ధైర్యంతో దీని దగ్గరికీ పోతారు కొందరు. ఆయన పదహారో శతాబ్దం నుంచీ కూర్చునే ఉన్నాడు, ఇది కూర్చోదు.

అప్పుడు వీపు చూపి పరుగెత్తకండి, పరుగులో మనిషి దానికి చాలడు. కళ్లు దాని మీదే ఉంచి, పక్కకు వాలుగా, మెల్లగా వెనక్కి తగ్గండి. దగ్గర్లో వేపచెట్టుంటే మాను అడ్డం పెట్టుకోండి. నాలుగడుగుల కర్ర చేతిలో ఉంటే కొట్టడానికి కాదు, అడ్డంగా చాపితే మీరు వెడల్పుగా కనిపిస్తారు. మరీ మీదికొస్తే తువ్వాలో సంచో ఒక పక్కకు విసిరి ఇంకో పక్కకు తప్పుకోండి. ఎర్రచీర కట్టుకుంటే పొడుస్తుందనేది ఉత్త మాట, దానికి ఎరుపు సరిగా ఆనదు, కదలికే రెచ్చగొడుతుంది.

ఎనుములతో, అంటే గేదెలతో ఒకటే జాగ్రత్త: ఎండ పూట వాటికీ నీళ్లకూ మధ్యలో నిలబడకండి.

మిగిలిన చపాతీలు తెచ్చి దారిలో ఆవులకు పెట్టే పుణ్యాత్ములకు ఒక మాట. అలవాటు పడిన ఆవు రేపు చేతిలో సంచి ఉన్న ప్రతి మనిషినీ మూతితో పొడుస్తుంది, ఆ మనిషి ముసలామె కావచ్చు. కవరుతో సహా పడేస్తే అది దాని పొట్టలోకి పోతుంది.

కొమ్ము దిగితే పైన గాయం చిన్నదిగా ఉన్నా లోపల ఎంత లోతుందో తెలియదు. కడుపు మీదైతే తాగడానికి నీళ్లు కూడా ఇవ్వకుండా, తడి శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. పేగు బయటికొస్తే లోపలికి నెట్టొద్దు. గీరుకుపోయినా ధనుర్వాతం సూది తప్పదు. చొంగ కారుస్తూ, బొంగురుగా అరుస్తూ, నీళ్లు మింగలేకపోతున్న గొడ్డు నోట్లో చెయ్యి పెట్టకండి, పిచ్చికుక్క కరిచింది కావచ్చు. ఆ చొంగ గాయానికి తగిలితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

మీ కుక్క విషయానికొస్తే, దాన్ని పొద్దున ఏడు లోపల తిప్పండి. పాలు పిండాక ఎనిమిది తొమ్మిదికి గానీ గొడ్లను బయటికి తోలరు. సాయంత్రం మీరొక్కరే రండి, చేతిలో కర్రతో.