తిరుపతి ఎండలకు ఇంట్లో కోల్డ్ బ్రూ: ఏ పాత్ర కొనాలి, ఏది అక్కర్లేదు

మీరు రాసినదాన్ని బట్టి: తిరుపతిలో నలుగురున్న ఇల్లు, సింగిల్ డోర్ ఫ్రిజ్, బడ్జెట్ మూడు వేలు. ముగ్గురికి పాలు, చక్కెర కలిసిన చల్లటి కాఫీ కావాలి. నాన్నగారికి పాలు లేకుండా, కడుపులో మంట రాకుండా ఉండాలి. ఇంట్లో ఉన్నది చికోరీ కలిసిన ఫిల్టర్ పొడి. మీరు చూసి పెట్టుకున్నవి మూడు: లోపల జాలీ గొట్టం ఉన్న గాజు జగ్గు, కరెంటుతో నడిచే ఐస్‌డ్ కాఫీ మెషిన్, చుక్కచుక్కగా కారే గాజు టవర్. వీటిలో ఏది కొనాలని అడిగారు.

ఆ మూడూ వద్దు. ఒక లీటరు ఫ్రెంచ్ ప్రెస్ తీసుకోండి, అంటే పొడిని కిందికి దించే జాలీ ప్లంజర్ ఉన్న పాత్ర. మీ బడ్జెట్ లోపలే వస్తుంది, మిగిలిన డబ్బుతో గ్రాముల్లో తూచే చిన్న వంటింటి త్రాసు కొనండి. ఆ త్రాసే ఎక్కువ పని చేస్తుంది.

ముందు ఒక తేడా. ఐస్‌డ్ కాఫీ అంటే వేడినీళ్లతో తీసి చల్లార్చినది. కోల్డ్ బ్రూ అంటే మొదటి నుంచి చివరిదాకా వేడే తగలనిది. కరెంటు మెషిన్లలో ఎక్కువ భాగం మొదటి రకం. వేడి కాఫీని నేరుగా ఐసు మీదికి దించుతాయి. 30 గ్రాముల పొడి, 250 మిల్లీలీటర్ల వేడినీళ్లు, కింద 200 గ్రాముల ఐసు పెట్టుకుని ఒక పేపర్ ఫిల్టర్ గరాటుతో చేసినా అదే కాఫీ వస్తుంది. పాలు లేకుండా తాగేవాళ్లకు ఆ రుచి బాగుంటుంది, వాసన గుప్పుమంటుంది. కానీ అందులో కరిగిన ఐసు నీళ్లు ముందే ఉన్నాయి. దానిమీద పాలు పోస్తే కాఫీ కడిగిన నీళ్లే మిగులుతాయి. మీ ఇంట్లో ముగ్గురు పాలు కావాలనేవాళ్లే కాబట్టి ఆ మెషిన్ మీకు పనికిరాదు.

టవర్ చూడ్డానికి అందంగా ఉంటుంది. దాని చిక్కు కుళాయి దగ్గర ఉంటుంది. సెకనుకు ఒక చుక్క పడేలా తిప్పి పెడతారు. పై గిన్నెలో నీటి మట్టం తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్కల వేగం పడిపోతుంది, మళ్లీ మళ్లీ సరిచేయాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు బయటే ఉండాలి, ఎత్తు వల్ల సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పట్టదు. మే నెల వంటింట్లో పైన వేసిన ఐసు ఎంతసేపు నిలుస్తుందో మీకే తెలుసు.

జాలీ గొట్టం జగ్గు చెడ్డది కాదు. నాన్నగారు ఒక్కరే తాగేటట్లయితే దాన్నే కొనమనేవాణ్ని. దాని ఇబ్బంది కొలతలో ఉంది. జపాన్ కంపెనీ హారియో చేసే మిజుదాషి లాంటి లీటరు జగ్గు గొట్టంలో పట్టేది 80 గ్రాముల పొడి. ఆ కొలతకు వచ్చేది అలాగే తాగేసే కాఫీ. దానికి పాలు కలిపితే రంగు తప్ప రుచి మిగలదు. చిక్కగా కావాలని గొట్టం నిండా పొడి కూరితే ఇంకో సమస్య వస్తుంది. పొడి ఉబ్బి జాలీకి అతుక్కుని గోడ కడుతుంది, నీళ్లు లోపలికి పోవు. మర్నాడు ఆ పిప్పిని పళ్లెంలో బోర్లించి చెంచాతో రెండుగా చీల్చి చూడండి. అంచులు నల్లగా తడిసి ఉంటాయి, నడిమధ్యన లేత గోధుమరంగు ఉండ, వేళ్ల మధ్య నలిపితే ఇంకా పొడిపొడిగానే రాలుతుంది. డబ్బు పెట్టి కొన్న పొడిలో పావు వంతు తడవకుండానే చెత్తలోకి పోయినట్టు. అందుకే ఈ రకం జగ్గులో గొట్టం మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. నీళ్లు కూడా గొట్టం లోపలే, పొడి మీదుగా, నాలుగైదు నిమిషాలు పట్టేలా మెల్లగా పోయాలి.

ఎప్పుడైనా ఈ జగ్గే కొనాల్సి వస్తే చూడాల్సింది జాలీ అడుగు. దాన్ని వెలుతురుకు ఎత్తి, జాలీ చుట్టు అడుగు రింగుతో కలిసేచోట చూడండి. అక్కడ సూది మొన పట్టే సందు కనిపించినా తిప్పి పంపేయండి. మడ్డి అంతా అక్కడి నుంచే దిగుతుంది. నైలాన్ జాలీ కంటే స్టీలు జాలీ మేలు, వేడినీళ్లకు తట్టుకుంటుంది.

ఇక ఫ్రెంచ్ ప్రెస్ ఎందుకంటే, పొడి మొత్తం నీళ్లలో స్వేచ్ఛగా తేలుతుంది, కాబట్టి నడుమ పొడిబారిన ఉండ మిగలదు. పైగా చిక్కటి కాఫీ తీయొచ్చు. దాన్నే పాలతో మీరూ, నీళ్లతో నాన్నగారూ కలుపుకోవచ్చు. ఒకే పాత్ర, ఒకేసారి నానబెట్టడం.

కొలత ఇది. లీటరు ప్రెస్‌కు 120 గ్రాముల లావు పొడి, 700 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు. ముందు పొడి, దానిమీద 200 మిల్లీలీటర్లు పోసి చెక్క గరిటెతో అడుగు నుంచి కలపండి. రెండు నిమిషాలు ఆగి మిగతా 500 పోయండి. పైన తేలిన పొడిని ఒకసారి కిందికి ముంచండి. ప్లంజర్ పైకి లాగి ఉంచి, మూత పెట్టండి. మూతి దగ్గర సందు ఉంటుంది కాబట్టి పైన ఒక కవర్‌గానీ రేకుగానీ చుట్టండి. లేకపోతే పక్కనున్న సాంబారు వాసన, వెల్లుల్లి కారం వాసన కాఫీకి పడుతుంది. ఫ్రిజ్ నడిమి అరలో పెట్టండి. సింగిల్ డోర్ వాటిలో వెనక గోడకు ఆనిస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది.

సమయం 16 నుంచి 18 గంటలు. సాయంత్రం ఆరుకు పెడితే మర్నాడు పది పన్నెండు మధ్య తీయాలి. బయట పెడితే 12 గంటలు చాలంటారు. అది చల్లటి ఊళ్ల లెక్క. మన వంటింట్లో రాత్రిపూట కూడా 30 డిగ్రీలు దాటే రోజుల్లో తడిసిన పొడిని అలా వదిలేయకండి, పాడవుతుంది. 24 గంటలు దాటిస్తే చెక్క నమిలినట్టు వగరు వస్తుంది. 10 గంటలకే తీస్తే పల్చగా, పుల్లగా ఉంటుంది.

తీసేటప్పుడు ప్లంజర్‌ను పొడి మీద ఆనేదాకా మెల్లగా దించి ఆపేయండి. గట్టిగా నొక్కితే పిప్పిలోని సన్నటి మడ్డి, చేదు రెండూ బయటికొస్తాయి. ప్రెస్ జాలీ ఒక్కటే చాలదు. రెండు మడతలు వేసిన, ఉతికి ఆరేసిన మల్లు గుడ్డలోంచి ఇంకోసారి వడకట్టండి. గుడ్డను పిండకండి, దానంతట అది కారనివ్వండి. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీళ్లు పీల్చుకుంటుంది. 120 గ్రాములకు 240 మిల్లీలీటర్లు పోయి, 450 చిల్లర చేతికొస్తుంది. తక్కువ వచ్చిందని కంగారుపడొద్దు.

గ్లాసుకు 60 మిల్లీలీటర్లు చొప్పున ఏడున్నర గ్లాసులకు సరిపోతుంది. మీ నలుగురికీ రోజుకో గ్లాసు అంటే దాదాపు రెండు రోజులు. గ్లాసుకు 15, 16 గ్రాముల పొడి పడుతుంది. వేడి ఫిల్టర్ కాఫీకి పట్టేదానికంటే ఇది ఎక్కువ. పాత్ర ఖర్చు ఒక్కసారిది, పొడి ఖర్చు నెలనెలా వచ్చేది. బడ్జెట్‌లో దాన్ని లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, పొడి. మీ ఇంట్లో ఉన్న ఫిల్టర్ పొడిని ఇందులో వేయకండి. కారణాలు రెండు. ఒకటి, అది మెత్తన. జాలీ కన్నాల్లో కూరుకుపోతుంది, ప్లంజర్ దిగదు, దిగితే అడుగున బురద. రెండోది చికోరీ. అది వేయించిన వేరు, చల్లటి నీళ్లలో కూడా తొందరగా కరుగుతుంది. రంగు నల్లగా, చిక్కగా కనిపిస్తుంది కానీ నాలుక మీద కాఫీ ఉండదు, మాడిన చక్కెరలాంటి చేదే ఉంటుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు. అంటే 49 శాతం దాకా చికోరీయే ఉండొచ్చు. ప్యాకెట్ మీద శాతం చదవండి.

గింజలు అక్కడికక్కడే ఆడించి ఇచ్చే కాఫీపొడి అంగడికి వెళ్లండి. చికోరీ వద్దని, మిల్లు వదులు చేసి ఆడించమని చెప్పండి. అంతకుముందు ఆడిన మెత్తటి పొడి మిల్లులో మిగిలి ఉంటుంది కాబట్టి మొదట వచ్చిన గుప్పెడు విడిగా కట్టించుకోండి, అది ఫిల్టర్‌కు పనికొస్తుంది. ఎంత లావు అని అడిగితే బొంబాయి రవ్వ కంటే లావు, కల్లుప్పు కంటే సన్నం. గింజలు మీడియంగా వేపినవి మేలు. బాగా నల్లగా వేపినవి చల్లటి కాఫీలో బొగ్గు వాసన వేస్తాయి. నాన్నగారికి విడిగా తీస్తే పూర్తిగా అరబికా రకం గింజలైతే బాగుంటుంది, మన అరకు గింజలైనా, చిక్కమగళూరువైనా. రెండు అరబికాలకూ 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలతో తాగేవాళ్లకు అరబికాలో 30 శాతం దాకా రోబస్టా రకం గింజలు కలిపితే పాలను దాటి కాఫీ తెలుస్తుంది. రోబస్టాలో కెఫీన్ అరబికాకు రెండింతల దాకా ఉంటుంది, సాయంత్రం తాగేవాళ్లు చూసుకోవాలి.

మిక్సీలో ఆడాలంటే చట్నీ జార్‌లో 40 గ్రాములకు మించకుండా వేసి, ఒక్కో సెకను చొప్పున ఐదారుసార్లు తిప్పి ఆపండి. బ్లేడు గింజను కోస్తుంది కానీ సమంగా నలపదు. సగం పలుకులు, సగం దుమ్ము వస్తాయి. ఆ దుమ్మును టీ వడపోతలో జల్లించి తీసేయండి, సగం బాధ తప్పుతుంది.

నీళ్లు కూడా చూడండి. ఉప్పు తగిలే బోరు నీళ్లతో కాఫీ మొద్దుబారుతుంది. ఆర్‌వో నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 30 లోపుంటే చప్పగా వస్తుంది. 75 నుంచి 150 మధ్య ఉంటే బాగుంటుంది. రెండూ కలిపి సరిచేసుకోవచ్చు.

నాన్నగారి మంట గురించి. కోల్డ్ బ్రూలో ఆమ్లమే ఉండదని రాసేవాళ్లను నమ్మకండి. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో వేడి కాఫీనీ కోల్డ్ బ్రూనూ పోల్చి చూస్తే రెండింటి పీహెచ్ (ఆమ్లత్వం కొలత) ఇంచుమించు ఒకటే, 4.85 నుంచి 5.13 మధ్య. మొత్తం ఆమ్లాల మోతాదు మాత్రం వేడిదాంట్లో ఎక్కువ. గొంతుకు మెత్తగా అనిపించేది నిజమే, కానీ కెఫీన్ అలాగే ఉంటుంది. పరగడుపున ఇవ్వకండి. టిఫిన్ తిన్నాక సగం గ్లాసుతో మొదలుపెట్టండి, 30 మిల్లీలీటర్ల కాఫీకి 60 చల్లటి నీళ్లు. అప్పటికీ మంటంటే మానేసి డాక్టర్‌కు చూపించండి.

పాలతో కలిపేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు చక్కెర. చల్లటి పాలలో సరిగ్గా కరగదు, అడుగున మిగిలి చివరి గుక్క పాకంలా ఉంటుంది. 100 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల నీళ్లు కాచి చల్లార్చి సీసాలో ఉంచుకోండి. గ్లాసుకు రెండు చెంచాలు. 60 మిల్లీలీటర్ల కాఫీకి 120 కాచి చల్లార్చిన పాలు. గేదె పాలయితే మీగడ తీసేయండి, చల్లబడితే నోటికి జిడ్డుగా తగులుతుంది. ఐసు ముక్కలకు బదులు మిగిలిన కాఫీనే ఐసు ట్రేలో గడ్డకట్టించి వేస్తే కరిగేకొద్దీ పల్చబడదు.

ఇంకో దారి, ఏమీ కొనకుండా. మీ ముగ్గురికీ కావలసింది నిజానికి ఫిల్టర్ కాఫీ రుచే, చల్లగా. అలా అయితే చికోరీ పొడే ఉంచుకోండి, స్టీలు ఫిల్టరే చాలు. 25 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు. 70 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది, రెండు గ్లాసులకు. వేడిగా ఉన్నప్పుడే చక్కెర కలిపి, కింది గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో పది నిమిషాలు పెట్టి, గ్లాసుకు 35 చొప్పున పోసి 130 చల్లటి పాలు కలపండి. డికాషన్‌ను ఐసు మీదికి నేరుగా దించకండి. ఒక వారం ఇలా తాగి చూసి, అప్పటికీ కోల్డ్ బ్రూ కావాలనిపిస్తేనే ప్రెస్ కొనండి.

నిల్వ: వడకట్టిన చిక్కటి కాఫీ శుభ్రమైన గాజు సీసాలో 4 డిగ్రీల దగ్గర వారం ఉంటుంది, పాలు కలిపినది ఆరోజే తాగేయాలి. కరెంటు పోతే తలుపు తీయకండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు పోయి సీసా తాకితే గోరువెచ్చగా ఉంటే పారబోయండి.

కడిగేటప్పుడు ప్లంజర్ మరలు విప్పి జాలీని, రెండు పలకలను విడదీయండి. కాఫీ నూనె ఆ మధ్యనే పేరుకుని వారం తిరిగేసరికి ముక్కిన వాసన వేస్తుంది. లీటరు వేడినీళ్లలో ఒక చెంచా వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించండి. పిప్పిని సింకులో పోయకండి, పైపు పూడుతుంది. ఎండబెట్టి మల్లె కుండీ మట్టిలో ఒక గుప్పెడు కలపొచ్చు.