మీ ఆయన వైపు వంశవృక్షం గురించి

అమ్మడూ,

పాపని స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారనీ, మన వైపు కొమ్మలకి కాగితం చాలకపోతుంటే వాళ్ళ నాన్న వైపు ముత్తాత దగ్గరే ఆగిపోయిందనీ రాశావు. మనకి తాతగారు రాసిపెట్టిన నోటుబుక్కుంది, గోత్రం ఉంది, తద్దినం వస్తే మూడు తరాల పేర్లు చెప్పించే పంతులుగారున్నారు. అటువైపు వాళ్ళ పూర్వీకుల్ని ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసలుగా తెచ్చి, ఆ పేర్లు మిగలకుండా చేశారు. ఇక్కడి లైబ్రరీలో స్థానిక చరిత్ర గదిలో రిటైరయ్యేదాకా నా పని ఇదే కదా, పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చే నల్లజాతి కుటుంబాలకి మైక్రోఫిల్మ్ ఎక్కించి ఇవ్వడం, పక్కన కూచుని చదివిపెట్టడం. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు డి.ఎన్.ఎ. కిట్ ఆర్డరు చెయ్యబోతున్నానన్నావే, అది ఆపు. నైజీరియా ఇంత శాతం, ఘనా ఇంత శాతం అని రంగురంగుల పటం వస్తుంది. ఆఫ్రికాలో ఇప్పుడు కనిపించే సరిహద్దులు చాలావరకు 1884-85 బెర్లిన్ సమావేశం నాటికీ ఆ తరవాతికీ యూరప్ వాళ్ళు పంచుకున్నవి. మీ ఆయన పూర్వీకుల్ని ఓడెక్కించేనాటికి అవి లేవు. పైగా కంపెనీ తన లెక్క సరిచేసుకున్నప్పుడల్లా శాతాలు మారతాయి. అందులో పనికొచ్చేది దూరపు చుట్టాల జాబితా. అది కూడా మన చేతిలో నాలుగు పేర్లు ఉంటేనే అర్థమవుతుంది. ఇంకోటి, అమెరికా నల్లవాళ్ళ రక్తంలో సగటున ఐదో వంతు దాకా యూరప్‌ది ఉంటుంది. అది చాలావరకు ఎలా వచ్చిందో ఆ ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. భోజనాల దగ్గర ఫోన్ తీసి చదివి వినిపించే సంగతి కాదది.

మీ అత్తగారితో మొదలుపెట్టు. 'మీది ఆఫ్రికాలో ఎక్కడ' అని అడగకు, ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబుండదు. ఏ చర్చి, ఎవర్ని ఎక్కడ పాతిపెట్టారు, పొలం ఎవరి పేరున ఉండేది, తల్లి పోతే పిల్లల్ని ఎవరు పెంచారు, ఇవి అడుగు. ముద్దుపేర్లు తప్పకుండా రాసుకో. ఈ సౌత్ కారొలైనా, జార్జియా తీరంలో గల్లా అనే నల్లజాతి వాళ్ళకి బయటి పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి. జనాభా లెక్కల మనిషి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు చాలామంది చెప్పింది ఇంటిపిలుపే. ఆవిడ అలసందలు ఉడికించేటప్పుడో బెండకాయలు తరిగేటప్పుడో పక్కన చేరి అడిగితే కుర్చీలో కూచోబెట్టి అడిగినదానికన్నా ఎక్కువే చెప్తారు. (అలసందలు ఆఫ్రికా నుంచి మన వంటింటికి కూడా వచ్చినవే.)

పేర్లు దొరికాక జనాభా లెక్కల్లో ఒక్కో పదేళ్ళూ వెనక్కి వెళ్ళు. 1950వి అందరికీ తెరిచారు. 1890వి 1921లో అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి, కాబట్టి 1900 నుంచి 1880కి దూకాలి. అలా 1870 దాకా వస్తావు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళందరినీ పేరుపేరునా రాసుకున్న మొదటి లెక్క అదే. దాని వెనక 1860 బానిసల జాబితా తెరిచి చూడు. ఎడమ పక్కన యజమాని పేరు, దాని కింద ఒక్కో మనిషికీ ఒక్కో వరస: వయసు, ఆడా మగా, రంగుకి ఒక అక్షరం. పారిపోతే ఒక గడి, విడుదల చేస్తే ఒక గడి, గుడ్డో చెవుడో అయితే ఒక గడి, బానిసల ఇళ్ళు ఎన్నో చివర ఇంకో గడి. పేరుకి మాత్రం గడి లేదు. చాలామంది అక్కడే పుస్తకం మూసేసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు.

నువ్వు ముయ్యకు. 1865లో విడుదలైన బానిసల్ని ఆదుకోవడానికి ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అని ఒక శాఖ పెట్టింది. కూలి ఒప్పందాలు, పెళ్ళి నమోదులు, రేషన్ జాబితాలు ఎన్నో ఉన్నాయందులో. వాలంటీర్లు కూచుని ఆ పేర్లకి సూచిక తయారుచేశారు, ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల సైటులో డబ్బు కట్టకుండా వెతకొచ్చు. అదే ఏడాది వాళ్ళు డబ్బు దాచుకోవడానికి ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు కూడా మొదలైంది. 1874లో అది మునిగిపోయి పేదవాళ్ళ డబ్బు చాలా పోయింది, కానీ ఖాతా పుస్తకాలు మిగిలాయి. ఇక్కడి చార్ల్‌స్టన్, బ్యూఫోర్ట్ ఊళ్ళు రెండింట్లోనూ శాఖలుండేవి. ఖాతా తెరిచే మనిషిని ఎక్కడ పుట్టావు, ఎక్కడ పెరిగావు, భార్య ఎవరు, పిల్లలెవరు, తల్లిదండ్రులెవరు, తోబుట్టువులెవరు అని అడిగి రాశారు. కొన్ని పాత ఫారాల్లో యజమాని పేరూ, తోట పేరూ కూడా ఉంటాయి. నన్నడిగితే ఆ బ్యాంకు చేసిన మంచి పనల్లా ఈ పుస్తకాలే. అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున దాదాపు 1,79,000 మంది నల్లవాళ్ళు సైన్యంలో పనిచేశారు. మీ వాళ్ళలో ఎవరైనా ఉంటే పింఛను ఫైలు తెప్పించు. పెళ్ళి నిజమని రుజువు చెయ్యడానికి భార్యలు ఇరుగుపొరుగు చేత చెప్పించిన సాక్ష్యాలుంటాయి వాటిలో.

ఇంటిపేరు చూసి యజమానిని ఊహించకు. కొందరు చివరి యజమాని పేరు పెట్టుకున్నారు, కొందరు అంతకు ముందువాడిది, కొందరు తమకి నచ్చింది. ఎవరనేది ఖాయమయ్యాకే ప్రొబేట్ కోర్టులో ఆ యజమాని వీలునామా, ఆస్తి జాబితా వెతుకు. ఆ జాబితా మీ ఆయన ఒక్కడే తెరవకుండా చూడు. మంచాలు, కాడెద్దులు, గిన్నెలు, అదే వరసలో మనుషులు, ప్రతి పేరుకీ ఎదురుగా ఒక ధర. ముసలివాళ్ళకి కొన్నిచోట్ల సున్నా ఉంటుంది. నువ్వు పక్కన కూచో చాలు, ఓదార్పు మాటలేం వద్దు.

ఇక ఆఫ్రికా. ఇక్కడి దొరలకి వరి తోటలుండేవి. అందుకని వరి పండించే పశ్చిమ తీరం వాళ్ళని, సెనెగాంబియా, సియెర్రా లియోన్ వైపు వాళ్ళని, ఏరి మరీ కొన్నారు. అంగోలా వైపు నుంచీ చాలామందిని తెచ్చారు. చార్ల్‌స్టన్‌లో గాడ్స్‌డెన్ రేవు దగ్గర వాళ్ళని దింపినచోటే 2023లో మ్యూజియం తెరిచారు. కుటుంబ చరిత్ర వెతికిపెట్టే విభాగం కూడా ఉంది, మీ ఆయన్ని తీసుకెళ్ళు. ఓడల వివరాలు స్లేవ్ వాయేజెస్ సైటులో దొరుకుతాయి కానీ, ఫలానా మనిషి ఫలానా ఓడలో వచ్చాడని తేలడం బహు అరుదు. అలా తేలుతుందని ఆశపెట్టకు.

అయినా కాగితం చెప్పనిది కొన్నిసార్లు ఇంట్లోనే ఉంటుంది. 1930ల్లో లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త జార్జియా తీరంలో హారిస్ నెక్‌లో అమీలియా డాలీ అనే ఆవిడ పాడిన పాట రికార్డు చేశాడు. మాటల అర్థం ఆవిడకి తెలియదు, తల్లి నుంచి వచ్చిన పాట. అది సియెర్రా లియోన్‌లో మాట్లాడే మెండే భాష అని తరవాత తేలింది. 1990ల్లో పరిశోధకులు సియెర్రా లియోన్‌లో ఊరూరా వినిపించుకుంటూ పోతే ఒక పల్లెలో ఒకావిడ గుర్తుపట్టింది. చావు కర్మల్లో ఆడవాళ్ళు పాడే పాట. అమీలియా కూతురు మేరీ మోరన్‌కి కూడా ఆ పాట వచ్చు. 1997లో ఆవిడ ఆ పల్లెకి వెళ్ళింది. అందుకే చెప్తున్నా, మీ అత్తగారు పాపని జోకొట్టేటప్పుడు ఏదైనా కూనిరాగం తీస్తే, అది అర్థంలేని చప్పుడైనా సరే ఫోన్లో పట్టి పెట్టు.

'ఆఫ్రికా కాదు, మాది కారొలైనా' అని మీ మామగారు అన్నారని నొచ్చుకున్నావు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఎన్నో తరాల వాళ్ళు ఈ నేలలోనే ఉన్నారు. మీ ఆడపడుచు డిగ్రీ పట్టా పుచ్చుకునేటప్పుడు ఘనా నేత కెంటె వస్త్రం వేసుకోవడమూ సబబే. మధ్యలో నువ్వు తీర్పు చెప్పకు. మీ అమ్మ ఫోన్లో 'వీళ్ళు అసలు ఆఫ్రికా వాళ్ళేనా' అని మళ్ళీ అడిగితే హైదరాబాద్ ఏ.సి. గార్డ్స్ గుర్తుచెయ్యి. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గుర్రపు దళం. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ హైదరాబాదీలే. (మీ అమ్మ చాలాకాలం అది ఎయిర్ కండిషనర్ల సంగతి అనుకుంది.)

ఘనా టికెట్ల విషయం వచ్చే ఏడు చూద్దురుగాని. 2019లో అక్కడి ప్రభుత్వం 'తిరిగి రండి' అని పిలిచాక ఎంతోమంది బానిసల్ని ఓడెక్కించిన కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు చూసొచ్చారు. అక్కడి పిల్లలు తమని 'ఒబ్రూనీ' అన్నారని, తెల్లవాళ్ళనీ పైదేశం వాళ్ళనీ పిలిచే మాటే తమకీ వాడారని, నా దగ్గరికొచ్చిన కొందరు బాధపడ్డారు. మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు. మీ వాళ్ళ కాగితాలు సియెర్రా లియోన్ వైపు చూపిస్తే ఘనా ఎందుకు?

పాప కాగితం మీద ఖాళీ గళ్ళు ఊహించి నింపొద్దు. గడి గీసి పెన్సిల్‌తో వదిలెయ్యమను. టీచరు అడిగితే 1860 జాబితా కాపీ ఒకటి జత చెయ్యి. ఈలోగా మీ అత్తగారి కన్నెపేరు, వాళ్ళ అమ్మది, కౌంటీ పేరు, చర్చి పేరు నాకు వాట్సాప్‌లో పెట్టు. 1870 నేను చూసిపెడతాను, కళ్ళజోడు మారిస్తే ఇంకా చదవగలుగుతున్నాను.

మీ పెద్దమ్మ