ఇస్త్రీ బల్ల మీద బొంత

ప్రశ్న: నా వయసు 63. తెనాలిలో మేమిద్దరం, మా అబ్బాయి, కోడలు, ఐదేళ్ల మనవడు కలిసి ఉంటాం. ఆయన ఉద్యోగ విరమణ చేశారు. కోడలు ఉద్యోగం చేస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర బొంతలు కుట్టడం నేర్చుకున్నాను. మా అమ్మాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. నాలుగేళ్ల క్రితం మనవరాలు పుట్టినప్పుడు నా నేత చీరలు రెండు, పోయిన మా అత్తగారి వెంకటగిరి చీర ఒకటి కలిపి నెలల తరబడి కూర్చుని బొంత కుట్టి పంపాను. చుట్టూ మామిడిపిందెల వరస, మధ్యలో పద్మం, అంచుకు ఎర్ర గుడ్డ. మొన్న వీడియో కాల్‌లో చూస్తే అది ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది. ఒక మూల కాలిన మచ్చ కూడా కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అమ్మాయికి రెండో కాన్పు. వచ్చే నెల నేను వెళ్లాలి. పుట్టబోయే బిడ్డకు ఇంకో బొంత మొదలుపెట్టాను, సగం అయింది. ‘అమ్మా, బొంత మాత్రం తేకు. ఇక్కడ డాక్టర్లు ఒప్పుకోరు’ అంటోంది. ఇక్కడేమో హాల్లో పడిన సూది మనవడి కాలికి గుచ్చుకుందని కోడలు ‘ఇల్లంతా పాత గుడ్డలే’ అని నానా మాటలూ అంది. ‘వెయ్యి రూపాయలు పడేస్తే బజారులో దుప్పటి దొరుకుతుంది, నీకెందుకు ఈ తిప్పలు’ అని మావారు. సూదిలో దారం ఎక్కించడానికి మనవణ్ని బతిమాలుకునే వయసులో ఇంత చేసి మాటలు పడాలా? సగం బొంత బీరువాలో పడేశాను. కోడలికి ఎలా బుద్ధి చెప్పాలో చెప్పండి.

– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మిమ్మల్ని ఏడిపించింది అమ్మాయి. మీరు బుద్ధి చెప్పమంటున్నది కోడలికి. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ముందుగా నా కంట పడింది ఇదే. దూరాన ఉన్న కూతురి మీద, అందులోనూ నిండు నెలల మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి మీకు మనసు రాలేదు. ఆ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కనుక ఎదురుగా ఉన్న కోడలి మీద దిగింది. ఏ తల్లికైనా జరిగేదే. అయినా ఎవరి లెక్క వారికే రాయాలి, లేకపోతే డాలస్‌లో మొదలైన తగవు తెనాలిలో తేలుతుంది.

ముందు డాక్టర్ల సంగతి. ఇందులో మీ అమ్మాయి మాటే నిజం, రాజీకి చోటు లేదు. ఏడాది నిండే దాకా బిడ్డ నిద్రపోయే చోట బొంత, దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదని, బిడ్డను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతుంది. వెల్లకిలా పడుకోబెట్టమని వాళ్లు చెప్పడం 1992లో మొదలైంది. ఆ తరువాతి పదేళ్లలో, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య అక్కడ దాదాపు సగానికి తగ్గింది. రెండు మూడు నెలల బిడ్డ ముఖం మీద గుడ్డ పడితే చేత్తో లాగి పారేయలేదు, తల తిప్పి తప్పించుకోవడానికీ సత్తువ చాలకపోవచ్చు. చలికి అక్కడ చేతులు బయటికి ఉండే సంచిలాంటి చొక్కా తొడుగుతారు. మీరు వెళ్లాక చూస్తారు. ‘మేం పెంచలేదా? బొంతల్లో, పొత్తిళ్లలో పెరిగిన పిల్లలే కదా మీరంతా’ అని అనాలనిపిస్తుంది. అనకండి. రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి లేడన్న మాట మన ఊళ్లలోనూ విన్నదే. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుని ఊరుకున్నారు తప్ప, ఎందుకు పోయిందని అడిగినవారు లేరు.

అంటే మీ అమ్మాయి కాదన్నది మీ చేతిపనిని కాదు, బిడ్డ పడకలో దుప్పటిని. షాపులో కొన్నదాన్నైనా అంతే అనేది.

కాబట్టి సగం అయిన బొంతను బీరువాలోంచి బయటికి తీయండి, పని మాత్రం మార్చండి. అది కప్పుకునేది కాదు, నేల మీద పరిచేది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కనే ఉండగా, బోర్లా పడుకోబెట్టి ఆడించాలని అక్కడి డాక్టర్లే చెబుతారు. దానికి కింద ఏదో ఒకటి పరవాలి కదా. మన ఇళ్లలో బోర్లపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు చేస్తాం. బిడ్డ సాధారణంగా నాలుగో నెలకూ ఆరో నెలకూ మధ్య బోర్లపడుతుంది. పురిటికి వెళ్లిన తల్లులు చాలామంది ఆరు నెలల దాకా ఉండి వస్తారు. బొబ్బట్ల రోజున బొంత పరిచే భాగ్యం మీకే దక్కవచ్చు. అందుకని వచ్చే నెలలోగా పూర్తిచేయాలని కళ్లు పొడుచుకోవద్దు. మిగిలిన సగం అక్కడే కుట్టుకోవచ్చు. పగలు అల్లుడు ఆఫీసుకు, మనవరాలు బడికి వెళ్లాక, బాలింత కునుకు తీస్తుంటే, కొత్త ఊళ్లో మీకూ చేతిలో ఒక పని ఉండాలి. అయితే మూటలో కట్టే ముందు అమ్మాయిని అడగండి: ‘నేల మీద పరవడానికి తెస్తాను, సరేనా?’ కాదంటే మరో మాట వద్దు, అది ఇక్కడే ఉంటుంది.

ఆ బొంతకు అద్దాలు, పూసలు, గుండీలు కుట్టకండి. పాకే బిడ్డ నోటికి ముందు చేరేవి అవే. దారం కొసలు లోపలికి తోసి ముడి వేయండి. వేలాడే పోగు పసివేలికి చుట్టుకుంటే వేలు వాచే దాకా ఎవరికీ తెలియదు. జరీ అంచు ఉంటే కత్తిరించి తీసేయండి, లేత చర్మం గీరుకుపోతుంది. సిల్కు, పాలియెస్టరు జోలికి పోవద్దు, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలు చీరే మంచిది.

ఇక ఇస్త్రీ బల్ల. అది చూసి మీ ప్రాణం చివుక్కుమనడం సహజం. కానీ ఒక మాట అడుగుతాను, మీ అమ్మాయిని మీరు ఏమీ అడగలేదు కదా? చూశారు, ఊరుకున్నారు, రాత్రంతా మేలుకున్నారు. అక్కడ బట్టలు ఉతికేది మిషను, ఆరబెట్టేది కూడా మిషనే. చేత్తో పలచని దారంతో కుట్టిన బొంతను ఆ వేడిలో తిప్పితే దారాలు తెగుతాయి, గుడ్డ ముడుచుకుంటుంది, ఎర్ర అంచు రంగు దిగి తక్కిన గుడ్డకంతా పట్టవచ్చు. ఒకసారి అలా జరిగి, మీతో చెప్పలేక, పారేయడానికి మనసొప్పక, ఇస్త్రీ బల్ల మీదికి చేర్చిందేమో. లేక పుట్టింట్లో ఇస్త్రీ ఎప్పుడూ మడిచిన బొంత మీదే చేయడం చూసి, అదే అలవాటుగా చేసిందేమో. ఇవన్నీ నా ఊహలు. అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది. ‘ఎందుకలా చేశావే?’ అని కాకుండా, ‘ఆ బొంత ఉతికితే ఎలా వచ్చింది? ఈసారి ఎలా కుడితే నీకు వాడకానికి వీలుగా ఉంటుంది?’ అని అడగండి. ఒకవేళ ఆమె ‘నాకు అది అంత ముఖ్యమనిపించలేదమ్మా’ అన్నా వినడానికి సిద్ధపడండి. బాధ కలిగితే కలిగిందని చెప్పండి. అది దెప్పడం కాదు. ‘నీ కోసం కళ్లు పోగొట్టుకున్నాను’ అంటే దెప్పడం.

ఇప్పుడు కోడలు. మీకు రుచించదేమో కానీ చెప్పక తప్పదు.

మీరు రాసినదంతా మళ్లీ చదువుకోండి. డాలస్ బొంతకు ఏ చీరలు, ఏ అంచు, ఏ పద్మం, అన్నీ ఉన్నాయి. పుట్టబోయే బిడ్డకూ సగం బొంత సిద్ధం. ఇంట్లో ఐదేళ్ల మనవడున్నాడు. వాడి బొంత సంగతి ఎక్కడా లేదు. మరిచిపోయి రాయలేదంటే సంతోషమే. కానీ చివర సంతకం కూడా ‘ఒక అమ్మమ్మ’ అనే పెట్టారు, మీరు నాయనమ్మ కూడా. సూదిలో దారం ఎక్కించేది వాడు, ఆ సూది గుచ్చుకున్నదీ వాడికే, బొంత మాత్రం ఇంకొకరికి. వాడు పసివాడు, అడగడు. వాడి తల్లి కూడా అడగదు. ‘మావాడికి ఎందుకు కుట్టలేదు?’ అని అత్తగారిని అడిగే కోడలు ఏ ఇంట్లోనైనా ఉందా? హాల్లో చెత్త గురించి అడుగుతుంది, సూది గురించి అరుస్తుంది. సాయంత్రం పని నుంచి అలసి వచ్చేసరికి హాలంతా పరిచిన చీరలు, బిడ్డ కాలికి కట్టు, ఆ కుట్టేదంతా ఆడపడుచు పిల్లల కోసం! ‘పాత గుడ్డలు’ అన్న మాట తప్పే, నేను కాదనను. దాని వెనక ఉన్నది చిరాకు ఒక్కటే అని మాత్రం నాకు అనిపించడం లేదు.

సూది విషయంలో అయితే పూర్తిగా ఆమె పక్షమే నేను. ముందు ఆమెకు క్షమాపణ చెప్పండి. చిన్న గాయమే కదా అని తేల్చేయకండి. సూది విరిగి ముక్క లోపల ఉండిపోతే ఆపరేషన్ దాకా వెళ్తుంది. వాడి ధనుర్వాతం టీకాలు సరిగా పడ్డాయో లేదో కూడా ఒకసారి డాక్టరును అడగమనండి. ఇకపై కుట్టడానికి కూర్చునేటప్పుడు ఎన్ని సూదులు తీశారో, లేచేటప్పుడు అన్నీ డబ్బాలోకి చేరాలి. ఒక్కటి తగ్గినా వెతికాకే లేవండి. చిన్న అయస్కాంతం ముక్క దగ్గర పెట్టుకుంటే నేల మీద పడింది దొరుకుతుంది. హాలు వదిలి మీ గదిలోనో, పెరటి వసారాలోనో చాప వేసుకోండి. పొరలు కదలకుండా పొడుగు కుట్లు, అదే టాకాలు, వేసే రోజు ఒక్కటే మొత్తం పరవాలి. ఆ తరువాత ఒళ్లో పెట్టుకుని మూల నుంచి మూలకు కుట్టుకుంటూ పోవచ్చు, మీకు నేను చెప్పాలా!

అమెరికా వెళ్లేలోగా ఆ సగం బొంతను పక్కన పెట్టి, మనవడికి ఒకటి మొదలుపెట్టండి. ఆరు గజాల చీర పద్దెనిమిది అడుగులు. నాలుగు మడతలు వేస్తే పొడవు నాలుగున్నర అడుగులు, వెడల్పు దాదాపు నాలుగు అడుగులు వస్తుంది. ఐదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు సరిపోతుంది, మరో మూడు నాలుగేళ్లు చాలుతుంది. లోపలికి తాతగారి గళ్ల లుంగీ ఒకటి. పైన వాడికి పొట్టి అయిపోయిన చొక్కాల ముక్కలు, ఏ ముక్క ఎక్కడ ఉండాలో వాడే పరిచి చూపించాలి. పద్మాలూ మామిడిపిందెలూ మీ ముచ్చట. వాడు జేసీబీ బొమ్మ కావాలంటే జేసీబీయే కుట్టండి. బయటి పొరకు కోడలి నూలు చీర ఒకటి అడగండి. ఆమె బీరువా తెరిచి మీరే తీసుకోకండి. ‘వాడి బొంతకు నీ చీర ఒకటి ఇస్తావా?’ అని ఆమెనే అడగండి. ఇవ్వకపోతే మీ చీరే వేయండి, రెండోసారి అడగవద్దు. ఈ ఒక్క అడగడంతో అంతా సర్దుకుంటుందని నేను హామీ ఇవ్వను. మీ ఇద్దరి మధ్య ఇంకా ఏమేమి ఉన్నాయో మీరు రాయలేదు.

మీవారి వెయ్యి రూపాయల మాట. బెంగాల్ కాంథా, మహారాష్ట్ర గోధడి, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంది కూడా ఈ పాత గుడ్డలే అని, ఇప్పుడవి హస్తకళగా అమ్ముడవుతున్నాయని చెబితే ఆయన నోరు మూయించవచ్చు. ఆ పని చేయకండి. డాలస్ బొంతలో ఉన్నది ఆయన తల్లి చీర. కత్తెర పెట్టే ముందు ఆయనను అడిగారా? ఇస్త్రీ బల్ల మీద కాలిన మచ్చ ఆయన కూడా చూశారా? మగవాళ్లు అలాంటి బాధను బాధగా చెప్పరు, ధరలు చెబుతారు. అత్తగారి చీరలు ఇంకా మిగిలి ఉంటే వాటి మీద కత్తెర వేయకుండా ఆయన ముందు పెట్టండి. ఏం చేయాలో ఆయన్నే చెప్పనివ్వండి.

చివరగా, దారం ఎక్కించలేకపోవడం వయసు వల్ల అనుకుని సరిపెట్టుకోకండి. కళ్లద్దాలు మార్చే సమయం అయి ఉండవచ్చు, శుక్లాలు ముదురుతూ ఉండవచ్చు. ప్రయాణానికి ముందే కంటి డాక్టరుకు చూపించుకోండి. షుగరు ఉంటే వేళ్లలో స్పర్శ తగ్గి సూది గుచ్చుకున్నా తెలియకపోవచ్చు, ఆ సంగతి కూడా చెప్పండి. ఆపరేషన్ అవసరమంటే వెంటనే చేయించుకోవాలా, తిరిగి వచ్చాకా అన్నది ఆ డాక్టరునే అడిగి, దాన్ని బట్టి టిక్కెట్టు తేదీ చూసుకోండి.